మూడో గల్లీ ఫ్యూజులు

కరెంటు కోతలు రోజులో సగం మింగేస్తున్న ఏళ్ళలో, ఒక ఎండాకాలం మొదట్లో, నన్ను విద్యుత్ శాఖ నుంచి గద్వాల వైపు ఒక చిన్న పట్టణపు పురపాలక సంఘానికి డెప్యుటేషన్ మీద పంపారు. డెప్యుటేషన్ అంటే జీతం ఒక శాఖది, పని ఇంకో శాఖది, చీవాట్లు రెండు శాఖలవీ. నా హోదా అసిస్టెంట్ ఇంజనీర్. ఊరి పేరు రాయడం లేదు. అక్కడివాళ్ళు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు, మిగతావాళ్ళకు దానితో పని లేదు. ఉత్తర్వులో నా బాధ్యత ఒకే వాక్యంలో ఉంది: ప్రైవేటు జనరేటర్ లైన్లను పురపాలక సంఘం కొని స్వాధీనం చేసుకునే విషయంలో సాంకేతిక వ్యవహారాలన్నీ చూసుకోవాలి.

ఆ ఊళ్ళో నేతపనివారి వార్డు ఒకటుంది. ఏడు గల్లీలు. ప్రతి ఇంట్లో గుంట మగ్గం, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేది. పట్టపగలు కూడా ఆ గదుల్లోకి వెలుతురు అంతంతమాత్రమే. జరీ అంచు దగ్గర ఒక్క పోగు తప్పిందంటే చీర మొత్తానికి పేరు పోతుంది. అందుకని బల్బు ఆరితే మగ్గం ఆగుతుంది. ఈ సంగతి కనిపెట్టినవాడు బసప్ప. రాయచూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ బియ్యం మిల్లు యజమాని. మిల్లు జనరేటర్ నుంచి తీగలు లాగి, ఇంటికి రెండు బల్బుల చొప్పున కోతల వేళల్లో కరెంటు అమ్మేవాడు. లైసెన్సు లేకుండా అలా అమ్మడం చట్టప్రకారం తప్పు. కానీ ఎవరూ అడగలేదు. మా శాఖ అసలే అడగలేదు, అడిగితే "మరి మీరే ఇయ్యుండ్రి" అంటారని భయం.

తరవాత పురపాలక సంఘం నీళ్ళ మోటార్ల కోసం, వీధి దీపాల కోసం సొంతంగా పెద్ద జనరేటర్ కొన్నది. మిగిలిన కరెంటును అవే గల్లీల్లో ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో రెండేళ్ళపాటు ఒక్కో గల్లీలో రెండు వరసల స్తంభాలు, రెండు వరసల తీగలు. ధర సంఘానిదే తక్కువ. అయినా జనం బసప్పను వదల్లేదు. కారణం ఏమంటే, బల్బు ఆరిపోతే బసప్ప మనిషి పిలిచిన పావుగంటలో వచ్చేవాడు. సంఘం మనుషులు రావాలంటే దరఖాస్తు పెట్టాలి. చివరికి బసప్ప ఇంజను పాతబడి మూలుగుతుండగా, డీజిల్ భారం మీద పడుతుండగా, అతనే అమ్ముతానన్నాడు. చైర్మన్ గారు కొంటామన్నారు. కౌన్సిల్ తీర్మానం చేసింది.

నా పని మూడు అంచెలు. మొదట సంయుక్త తనిఖీ, అంటే రెండు వైపులవాళ్ళం కలిసి తిరిగి ప్రతి స్తంభాన్నీ, తీగనూ, ఫ్యూజు పెట్టెనూ జాబితా రాయడం. తరవాత ఆ లైన్లను మా జనరేటర్‌కు కలపడం. ఆ పైన, అతని పనివాళ్ళలో ఎవరిని మనం తీసుకోవాలో కమిషనర్ గారికి నివేదిక ఇవ్వడం.

తనిఖీకి మొదటిరోజు నేను లైన్ల పటం అడిగాను. బసప్ప నవ్వాడు. "నక్ష ఎందుకు సారూ, కుర్మన్న ఉన్నడు కద," అన్నాడు.

కుర్మన్న అసలు పేరు కురుమూర్తి. నలభై దాటిన మనిషి, బక్కపలచన, నడుముకు తాడు, జేబులో తీగలు పట్టే పక్కర. చదువు ఏడో తరగతి. ఏ స్తంభం నుంచి ఏ ఇంటికి తీగ పోయిందో, ఏ అతుకు ఏ వానకు పాడైందో, అంతా అతని తలలోనే ఉంది. పది రోజులు అతని వెనక తిరిగి నేను ఆ పటాన్ని కాగితం మీదికి ఎక్కించాను. ఒక్క చోట కూడా అతను చెప్పింది తప్పు కాలేదు. నాకు అతని మీద గౌరవం కలిగింది. పైకి చూపించలేదు, ఆ రోజుల్లో నాకు ఇంజనీరునన్న బడాయి కొంచెం ఎక్కువే.

ఆ పది రోజుల్లోనే అతని అలవాటు ఒకటి చూశాను. ప్రతి గల్లీ మొదట్లో స్తంభానికి ఒక ఇనుప పెట్టె, అందులో మూడు తెల్ల పింగాణీ ఫ్యూజులు ఉండేవి. అవి తీస్తే ఆ గల్లీ మొత్తానికి కరెంటు ఉండదు. కుర్మన్న స్తంభం ఎక్కే ముందు ఆ మూడూ లాగి, ఆ గల్లీలో ఒక ఇంటికి పోయి, ఒక ఆడమనిషి చేతిలో పెట్టి వచ్చేవాడు. దిగాక మళ్ళీ తనే పోయి తెచ్చుకునేవాడు. మూడో గల్లీలో ఆ మనిషి జమ్ములమ్మ. అరవై ఏళ్ళ నేతగత్తె. ఆమెను అత్తా అని పిలిచేవాడు, చుట్టరికం ఏమీ లేదు.

ఇదేం పద్ధతి అని అడిగాను. అతను ముందు పెట్టె మూత మూశాడు. తరవాత అన్నాడు: "మా అన్న గిట్లనే పోయిండు సారూ. ఫ్యూజులు గుంజి పెట్టె మీదనే వెట్టి ఎక్కిండు. ఎవరో చూసి, ఊడిపడ్డయేమో అనుకొని వెట్టిండు. ఆ వెట్టినాయన చెడ్డోడు గాదు, అంచు కాడ పని ఆగిందని పరేషాన్ల ఉన్నడు. గంతే."

"అయితే మీ జేబులోనే వేసుకోవచ్చు కదా?"

"జేబుల ఉంటె, ఎవరన్న ఇంకో జత తెచ్చి వెడ్తరు. మనిషి చేతిల ఉంటె ఆ మనిషి కూకొని కాపల కాస్తది. మొగోళ్ళు చాయ్‌కని పోతరు సారూ. ఆడోళ్ళు మగ్గం ఇడిసి యాడికీ పోరు."

నేను తల ఊపి, మా పద్ధతి గురించి అతనికి ఉపన్యాసం ఇచ్చాను. మా శాఖలో లైన్ క్లియర్ అని ఉంటుంది. లైన్ మీద పని చేయబోయే ఉద్యోగి ముందుగా రిజిస్టర్‌లో సంతకం చేసి అనుమతి తీసుకుంటాడు. పని అయ్యాక, మనుషులందరూ దిగారు, పనిముట్లు తీసేశాం అని రాసి, మళ్ళీ సంతకం చేసి అనుమతి వాపసు ఇస్తాడు. ఆ వాపసు సంతకం పడేదాకా ఎవడూ కరెంటు వదలడానికి వీల్లేదు. ప్రాణాలు నిలబెట్టే పద్ధతి అది, కాదనను. ఇళ్ళలో ఫ్యూజులు దాచిపెట్టడం చదువులేని పద్ధతి అని కూడా అతనితో అన్నాను. కుర్మన్న చెవిన వేసుకున్నాడో లేదో తెలియదు. "మీది మస్తు మంచిగుంది సారూ," అన్నాడు. ఆ మర్నాడు కూడా ఫ్యూజులు తీసుకుపోయి జమ్ములమ్మ చేతిలోనే పెట్టాడు.

తనిఖీ ముగిసిన రోజు అతను నన్ను ఒంటరిగా పట్టుకున్నాడు. పురపాలక సంఘంలో లైన్ పనికి తీసుకోవాలంటే ఐటీఐ సర్టిఫికెట్ కావాలని ఎవరో చెప్పారట. "ఇరవై ఏండ్ల సంది గిదే పని. ఇంకోటి తెల్వదు. బసప్ప సేటు మిల్లు గూడ అమ్ముతుండు. నా గురించి ఒక ముక్క రాయుండ్రి సారూ," అన్నాడు. నిబంధనలో ఒక వెసులుబాటు ఉండేది. ప్రత్యేక నైపుణ్యం గానీ, భద్రత విషయంలో చెప్పుకోదగ్గ సేవ గానీ ఉన్నట్టు ఇంజనీరు ధ్రువీకరిస్తే, కౌన్సిల్ చదువు విషయం పక్కన పెట్టి తీసుకోవచ్చు. చూస్తాను అన్నాను. అతని ఉద్యోగం నా కలం మీద ఉందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

లైన్లు కలిపే రోజు వచ్చింది. సాయంత్రం ఐదింటికి చైర్మన్ గారు వచ్చి స్విచ్ వేస్తారు. మూడో గల్లీ మొదట్లోనే షామియానా వేశారు, మైకు పెట్టారు, కొబ్బరికాయ తెప్పించారు. పని పొద్దున్నే మొదలైంది. లైన్ క్లియర్ మా లైన్‌మన్ వెంకటయ్య పేరు మీద ఇచ్చాను. కుర్మన్న మా ఉద్యోగి కాడు కాబట్టి రిజిస్టర్‌లో సంతకం చేయడానికి వీల్లేదు. అసలు స్తంభం ఎక్కడానికే వీల్లేదు. కానీ అతను లేకుండా ఆ పని ఒక్క రోజులో తెమలదు. అందుకని వెంకటయ్య చేతికింద పని చేస్తున్నట్టు మాటవరసకు అనుకుని ఎక్కించాను. తప్పని తెలిసే చేశాను.

నాలుగున్నరకు వెంకటయ్య వచ్చి లైన్ క్లియర్ వాపసు ఇచ్చాడు. అందరూ దిగారా అని అడిగాను. దిగారన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. కుర్మన్న దిగడం అతను కళ్ళారా చూశాడు. చూడనిదల్లా కుర్మన్న మళ్ళీ ఎక్కడం. మూడో గల్లీ చివర, వీధి వంకర తిరిగిన చోట, ఆఖరి స్తంభం మీద వెంకటయ్య వేసిన అతుకు వదులుగా ఉందట. కుర్మన్న కింది నుంచి చూసి పోల్చాడు. ఎవరికైనా చెప్పొచ్చు. చెబితే పర్మనెంటు ఉద్యోగి పనిలో తప్పు పట్టినట్టవుతుంది, రేపు ఉద్యోగం ఇవ్వాల్సింది వీళ్ళే. అందుకని చప్పుడు చేయకుండా ఫ్యూజులు లాగి, జమ్ములమ్మకిచ్చి, తనే పోయి సరిచేయడానికి ఎక్కాడు. ఇదంతా నాకు తరవాత తెలిసింది.

చైర్మన్ గారు వచ్చే ముందు ఒకసారి వదిలి చూద్దామని జనరేటర్ ఆన్ చేయించాను. ఆరు గల్లీలు వెలిగాయి. మూడో గల్లీ, సరిగ్గా షామియానా ఉన్న గల్లీ, వెలగలేదు. పెట్టె తెరిచి చూస్తే ఫ్యూజులు లేవు. దిగాక తిరిగి పెట్టడం మరిచాడనుకుని నాకు ఒళ్ళు మండింది. కుర్మన్న ఏడీ అంటే ఎవరో చాయ్‌కి పోయాడన్నారు. వెంకటయ్య మాత్రం, "జమ్ములమ్మ కాడ ఉంటయ్ సార్," అన్నాడు.

వెళ్ళాను. ఆమె మగ్గం గుంటలో కూర్చుని ఉంది. మూడు ఫ్యూజులూ కొంగులో మూటకట్టి ఒడిలో పెట్టుకుంది. అమ్మా, ఫ్యూజులివ్వండి అన్నాను.

"కుర్మయ్య వెట్టిండు సారూ. ఆడొచ్చి అడిగితె ఇస్త."

పని అయిపోయిందని, రిజిస్టర్‌లో సంతకం కూడా పడిందని చెప్పాను. ఆమె తల ఎత్తి నా మొహంలోకి చూసింది.

"సంతకం ఎవరు వెట్టిన్రు?"

"వెంకటయ్య."

"వెంకటయ్య నా చేతిల ఏం వెట్టలే కద."

ఇక్కడ ఆఫీసర్ను నేను, లైను మాది, ఫ్యూజులు కూడా నిన్నటి నుంచి మావే అని గొంతు పెంచాను. ప్రభుత్వ సొత్తు దాచుకుంటే కేసవుతుందని కూడా అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆమె భయపడలేదు, కోప్పడనూ లేదు. "నువ్వు ఆఫీసర్‌వే సారూ, కాదన్ననా? మా ఇంట్ల ఒకరు అతుకుతున్న పడుగును ఇంకొకరు ముట్టరు. పోగు యాడ ఆపిన్రో అతికినోళ్ళకే ఎర్క. ఇది గూడ గంతే," అని ఒడిలోని మూట మీద చెయ్యి వేసుకుంది.

బయటికి వచ్చి వెంకటయ్యను స్టోరు సామాను నుంచి కొత్త ఫ్యూజులు తెమ్మన్నాను. టైము ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ. రోడ్డు మీద జీపు హారన్ వినిపిస్తోంది. వెంకటయ్య మూడు కొత్త ఫ్యూజులు తెచ్చి నా చేతికిచ్చాడు. నేనే పెట్టె మూత తీసి, మొదటిది చేతిలోకి తీసుకున్నాను.

జమ్ములమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు. వచ్చి పెట్టెకూ నాకూ మధ్య నిలబడి, పెట్టె నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. మెడ తిప్పి, వీధి వంకర వైపు, ఆ వార్డంతా వినపడేటట్టు కేక వేసింది.

"కుర్మయ్యా! యాడున్నవ్‌రా?"

వంకర అవతల నుంచి జవాబు వచ్చింది. "గీడ, స్తంభం మీదున్న అత్తా! జర ఆగు, అయిపాయె!"

నాలుగడుగులు వేసి వంకర దాటి చూశాను. అతను స్తంభం మీద తాడుకు ఆనుకుని, రెండు చేతులతోనూ తీగలు పట్టుకుని ఉన్నాడు, ఒట్టి చేతులతో. నా చేతిలో ఫ్యూజు ఇంకా అలాగే ఉంది. పక్కింటి అరుగు మీద కూర్చున్నాను. అప్పుడు జమ్ములమ్మ నా వెనకే వచ్చి, ఎవరికీ వినపడకుండా ఒక్క మాట అంది.

"నీ బుక్కుల ఆని పేరు లేకుంటే, ఆడు స్తంభం మీద లేనట్టేనా సారూ?"

చేతిలోని ఫ్యూజును జేబులో వేసుకున్నాను.

కుర్మన్న పది నిమిషాల్లో దిగాడు. తిన్నగా ఆమె దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. ఆమె కొంగు ముడి విప్పి ఫ్యూజులు ఒక్కొక్కటే అతని అరచేతిలో పెట్టింది. అతను తీసుకుపోయి బిగించాడు, గల్లీ వెలిగింది. చైర్మన్ గారు అప్పటికే కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. జరిగింది ముగ్గురికే తెలుసు, నాకూ, వెంకటయ్యకూ, ఆమెకూ. కుర్మన్నకు ఆ రోజు తెలియనే లేదు. "ఏంది సారూ, గట్ల చెమటలు పట్టినయ్? ఎండ తగిలిందా?" అని నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు కమిషనర్ గారు ఆలస్యం ఎందుకైందని సంజాయిషీ అడిగారు. సాంకేతిక కారణాల వల్ల కొద్దిగా ఆలస్యమైంది అని రాసి ఇచ్చాను. మా ఉద్యోగాల్లో ఆ రెండు మాటలు చాలా బరువు మోస్తాయి.

వారం తరవాత సిబ్బంది నివేదిక రాయడానికి కూర్చున్నాను. భద్రత విషయంలో చెప్పుకోదగ్గ సేవ అనే గడి ఉంది. అందులో నాలుగు వాక్యాలు రాస్తే చాలు. ఇతని అలవాటు వల్ల ఒక నిండు ప్రాణం నిలిచింది, అది కూడా ఇంజనీరు తప్పు నుంచి, అని. కానీ అది రాయాలంటే, అర్హత లేని మనిషిని స్తంభం ఎక్కించింది నేనేనని రాయాలి. రిజిస్టర్‌ను నమ్మి లైన్ వదలబోయింది నేనేనని రాయాలి. ఆపైన విచారణ, చార్జిషీటు, ఇంక్రిమెంటు కోత. చివరికి ఆ గడిలో "లేదు" అని రాశాను. కింద "అనుభవం కలదు, నిర్ణీత విద్యార్హత లేదు" అని చేర్చి సంతకం పెట్టాను.

అతన్ని తీసుకోలేదు. ఆ సంగతి చెప్పడానికి నేనే పిలిపించాను, అంతమాత్రం ధైర్యం చేశాను. అతను గడప దగ్గరే నిలబడి, "పోనీ సారూ. మీరేం జేస్తరు, రూలు గట్లున్నది," అన్నాడు. తిడితే బాగుండేది. నేనేం చేయగలిగి ఉండేవాణ్ణో నాకు తెలుసు కదా. తరవాత అతను ఇంటిల్లిపాదీ రాయచూరు పోయి, అక్కడ పత్తి మిల్లులో వైరింగు పనికి కుదిరాడని విన్నాను. మళ్ళీ కలవలేదు. కలవడానికి నేను ప్రయత్నించలేదు కూడా.

కొన్నేళ్ళకు నేను వనపర్తిలో పని చేస్తున్నప్పుడు, లైన్ క్లియర్ వాపసు వచ్చాక కూడా ఒక మనిషి లైన్ మీద ఉండిపోయి, వెంట్రుకవాసిలో బతికి బయటపడిన సంఘటన జరిగింది. పైఅధికారులు భద్రతా సమావేశం పెట్టి సూచనలు అడిగారు. నేను లేచి చెప్పాను: తీసిన ఫ్యూజులు పెట్టె దగ్గర ఉంచకూడదు, ఒక పేరున్న మనిషి చేతికి ఇవ్వాలి, ఎవరు ఇచ్చారో వాళ్ళకే తిరిగి ఇవ్వాలి, మధ్యలో ఎంత పెద్ద ఆఫీసర్ అడిగినా ఇవ్వకూడదు. అందరికీ నచ్చింది. రిజిస్టర్‌లో దానికోసం ఒక కొత్త గడి చేర్చారు. సర్క్యులర్ వచ్చింది, అందులో సూచన ఫలానా అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీర్ గారిది అని నా పేరు ఉంది. ఆ ఏడాది జెండా పండగనాడు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. వెళ్ళి తీసుకున్నాను.

రిటైరయ్యే ముందు నాగర్‌కర్నూల్ దగ్గర ఒక సబ్‌స్టేషన్ తనిఖీకి వెళ్ళాను. అక్కడ కొత్తగా చేరిన ఒక లైన్‌వుమన్ ఫ్యూజులు తన దగ్గర పెట్టుకుని కూర్చుంది. పరీక్షించడానికి నాకివ్వమ్మా అని అడిగాను. "ఇయ్య సార్. ఎక్కినాయన దిగి అడగాలె," అంది. తరవాత, నేనెవరో పక్కవాళ్ళు చెప్పారేమో, మొహమాటంగా నవ్వి, "రూలు మీరు వెట్టిందేనంట కద సార్," అంది. అవునమ్మా అన్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగంలో పద్ధతుల గురించి నేను నేర్చుకున్నది ఇది. లైన్ మీద మనిషి ఉన్నాడా లేడా అన్నది ఫ్యూజు అందుకున్న చేతికి తెలిసినంతగా రిజిస్టర్‌కు తెలియదు. ఆ మాట సర్క్యులర్‌లో ఎక్కించాను. నాకది ఎవరు నేర్పారో రాసే గడి ఆ ఫారంలో లేదు. ఉన్నా అప్పుడు నేను నింపి ఉండేవాణ్ణి కాదు.